బాపుకు నిద్రపట్టే స

ఆగస్టు 3, ఆదివారం
సాతంరాయిలో వయొలిన్ క్లాసులో చేరాను. పరీక్ష కోసం కాదు, సర్టిఫికెట్ కోసం కాదు, ఊరికే. వీణకు మెట్లుంటాయి, దీనికి ఏమీ లేవు. మరి రి స్వరం ఎక్కడుందో వేలికి ఎలా తెలుస్తుంది? శోభ మేడమ్‌ని అదే అడిగాను. ఆవిడది రాజమండ్రి. రి సంగతి తర్వాత చూద్దామమ్మా, ముందు ఖాళీ తీగ మీద స పలికించు చాలు అన్నారు. గంటసేపు ఒకటే స. పాత తలుపు తీసినట్టు వచ్చింది. సిగ్గేసింది గానీ నచ్చింది.

ఆగస్టు 6
ప్రాక్టీస్ ఎక్కడ చేయాలి? బాపు ఎయిర్‌పోర్టు క్యాబ్ నడుపుతాడు, నైట్ డ్యూటీ. పగలు పడుకుంటాడు గానీ నిద్ర పట్టదు. పోయిన వారం ఔటర్ రింగ్ రోడ్డు మీద రెప్ప వాలి, కారు డివైడర్‌కు రాసుకుంది. దెబ్బలేం తగల్లేదు. ఇంకోసారి అలా అయితే? తలుచుకుంటేనే భయం.
అందుకే అమ్మ రూలు: పగలు ఇంట్లో చప్పుడు వద్దు. కాలేజీ నుంచి వచ్చి దొంగలా లోపలికి దూరతాను. నా వయొలిన్ పెట్టె చూసి, ఇంట్ల గిది వాయించినవంటే నిన్నూ దాన్నీ బయటేస్త అంది.
కాబట్టి వాకిట్లో బాపు కారే గతి. అద్దాలు మూసి, వెనక సీట్లో. వయొలిన్ కమాను డోర్‌కు కొట్టుకుంటోంది.

ఆగస్టు 9
కారులో ఉడికిపోయాను.

ఆగస్టు 20
కారు సర్వీసింగ్‌కు పోయింది. అమ్మ పక్కింట్లో ఉంది కదా అని వంటింట్లో కూర్చుని మెల్లగా స తీశాను. కాసేపటికి అమ్మ రానే వచ్చింది. ఇక అయిపోయాననుకున్నా. నోటి మీద వేలు పెట్టుకుని గదివైపు చూపించింది. బాపు గురక.

ఆగస్టు 23
మళ్లీ వాయించాను, మళ్లీ గురక. ఎందుకు? విమానాల మోతకు అలవాటుపడ్డ చెవులకు ఏదో ఒక మోత కావాలేమో. ఫోన్లో తంబురా శ్రుతి పెట్టాను. బాపు నిద్రపోలేదు. నా స రికార్డు చేసి పెట్టాను. అయినా లాభం లేదు. చివరికి బాపునే అడిగాను. ఫోన్‌ది వట్టి మోత బిడ్డా, నువ్వు గీకుతుంటే ఇంటికొచ్చినవని ఎరుకైతది అన్నాడు.
కాలేజీ నుంచి వస్తూ నేను రోజూ దాటే హైవే ఎంత ప్రమాదమో ఆయనకే బాగా తెలుసు. అమ్మ పెట్టిన నిశ్శబ్దంలో నేను ఎప్పుడొచ్చానో ఆయనకు తెలిసేదే కాదు. ఇన్నాళ్లూ కళ్లు మూసుకుని నాకోసం ఎదురుచూస్తున్నాడు. ఏడుపొచ్చింది.

సెప్టెంబర్ 12
ఇప్పుడు అమ్మే పెట్టె తెచ్చి ముందు పెడుతోంది. ఇగ షురూ చెయ్యి, మీ బాపు పండుకోవాలె అంటూ.

డిసెంబర్ 14, ఆదివారం
నీ స ఇంత నిలకడగా ఎలా వచ్చిందమ్మా అన్నారు మేడమ్. నవ్వేశాను. నా మొదటి పాట, గీతం, నేర్పడం మొదలుపెట్టారు. ఇష్టంగానూ ఉంది, గుబులుగానూ ఉంది. దానికి బాపు నిద్ర చెడితే? ఇంట్లో స మాత్రమే. గీతం మళ్లీ కారులోనే.
అన్నట్టు, రి ఎక్కడుందో వేలికి తెలిసిపోయింది. ఎలా తెలిసిందో నాకు తెలియదు.

ఫిబ్రవరి 8
ఉండబట్టలేక ఇవాళ ఇంట్లోనే గీతం వాయించాను. ఒక్క తప్పు రాలేదు. సగంలో బాపు లేచి వచ్చాడు. గోడకు ఆనుకుని చివరిదాకా విన్నాడు. మస్తుగుంది బిడ్డా అన్నాడు. లోపలికి పోతూ, ఇగ జర ఆ పాతది గీకు, రాత్రి డ్యూటీ ఉంది అన్నాడు.