మీకు వీలైనప్పుడు

ప్రియమైన చిన్నీ,
స్నానాలగదిలో గ్యాస్ గీజరు మంట నీలంగా కాక పసుప్పచ్చగా లేస్తోంది, గోడంతా మసి. వెలిగించినప్పుడల్లా నాకు తల పగిలిపోతోంది. పాప స్నానం చేసి రాగానే తిండి కూడా తినకుండా పడి నిద్రపోతోంది. లేపితే వాంతి. కిటికీ బిగుసుకుపోయి తెరుచుకోదు. ఇంటి ఓనరు ఆఫీసులో చెబితే "రాసివ్వండి" అన్నారు, అదీ ఫ్రెంచిలో. మీ బావ ఓడ దిగేదాకా ఈ పరాయి దేశంలో నాకు నువ్వే దిక్కు. కాలేజీలో నువ్వు చదివిన ఫ్రెంచేదో ఇప్పుడైనా పనికి రానీ.
నీ అక్క

ప్రియమైన అక్కా,
ఫిర్యాదు రాసి పంపుతున్నాను. ఉన్నదున్నట్టు నీ చేత్తో ఎత్తి రాసి ఇవ్వు. "జ మ పెర్మె" అని మొదలవుతుంది, అంటే ఈ చనువు తీసుకుంటున్నానండీ అని. ఫ్రెంచివాళ్లు తిట్టాలన్నా ముందు కుర్చీ వేస్తారు. అందుకే కాస్త మర్యాద నేనూ కలిపాను. మా ఫ్రెంచి మేడం చూస్తే మురిసిపోయేది. పాపకి ముద్దులు.
నీ చిన్ని

చిన్నీ తల్లీ,
ఇచ్చాను. బాగుచేసే మనిషి రాలేదు. మళ్లీ అదే రాసి ఇచ్చాను. ఆఫీసులో గుమాస్తా చదివి ముచ్చటపడింది, "ఎంత చక్కగా రాశారు" అంది. అంతే. కుట్టుషాపులో నా కళ్లకి సూది ఆనడం లేదు. పాప నిన్న సబ్బు పట్టుకునే తూలింది. గట్టిగా రాయవే, నీకు దణ్ణం పెడతాను.
అక్క

అక్కా,
ఇదిగో, ఈసారి గట్టిగానే రాశాను. "మళ్లీ విసిగిస్తున్నందుకు మన్నించండి" అని మొదలుపెట్టాను. ఇంతకన్నా దిగితే మొరటుగా ఉంటుంది. ఇచ్చాక ఏమన్నారో వెంటనే రాయి.
చిన్ని

అక్కా,
జవాబు లేదేం? కోపమొస్తే తిట్టు. పాప ఎలా ఉందో ఒక్క ముక్క రాయి.
చిన్ని

చిన్నీ,
పాప బతికింది. స్నానం చేస్తూ పడిపోతే మెట్ల మీదికి ఈడ్చుకొచ్చాను. ఆ గీజరు విషవాయువు వదులుతోందట, ఆసుపత్రిలో చెప్పారు.
గుమాస్తా వచ్చి పాప మంచం పక్కన ఏడ్చింది. మనం ఇచ్చిన ఫిర్యాదులన్నీ తెచ్చి, అన్నిట్లోనూ ఒకే లైను మీద వేలు పెట్టింది. పక్కనున్న నర్సుచేత తేలిక మాటల్లో అర్థం చెప్పించుకున్నాను. "తొందరేమీ లేదండీ, మీకు వీలైనప్పుడు."
నేను నీకు చెప్పని మాట అది. నాకు ఫ్రెంచి చదవడం రాదు కదే. చూడ్డానికి అందంగా ఉందని, ఆ లైనే అన్నిటికంటే శ్రద్ధగా దిద్దాను.
ఇప్పుడు పోలీసులకి రాసివ్వాలి. నువ్వే రాయాలి, నాకింకెవరున్నారు. ఏం జరిగిందో అదే రాయి. నీ మర్యాద కలపకు.
అక్క