కమిటీ ఒప్పుకుందని చెప్పాను

మెహర్ నెల 9, యజ్ద్, ఇరాన్

నాలుగో చాప్టర్ తీసెయ్యమన్నారు. థీసిస్‌కి ప్రాణం అదే. అబద్ధాన్ని అన్నిటికన్నా పెద్ద మురికిగా చూసే పాత ఫార్సీ పద్యాలు రాసింది ముస్లిం కవులే. కానీ ఆ చూపు వాళ్లకి మసీదులు రాకముందు నుంచీ ఉన్న మా జర్దుష్తీ, అంటే జొరాస్ట్రియన్ మతం నుంచి అబ్బిందని నా వాదన. నిజం చెప్పమని అందరూ అంటారు కదమ్మా, ఇందులో మీవాళ్ల గొప్పేముంది అన్నాడు గైడ్ డాక్టర్ సుతూదె. కమిటీలో మిగతావాళ్లు తలలూపారు. ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

మెహర్ 10

నాన్నకి ఎలా చెప్పను? ఆ పద్యాలన్నీ నాకు నోటికి నేర్పింది ఆయనే. ఉద్యోగం చేసినన్నాళ్లూ బళ్లో పిల్లలకి అవే చెప్పాడు. స్టాఫ్‌రూమ్‌లో మాత్రం తోటి ముస్లిం టీచర్లు ఆయన టీ గ్లాసు విడిగా పెట్టేవారు, మా అంటు తగులుతుందని.

మెహర్ 14

నాన్న ఊపిరితిత్తులు పూర్తిగా పాడయ్యాయి. ఆస్పత్రివాళ్లు ఇంటికి తీసుకెళ్లిపొమ్మన్నారు.

మెహర్ 17

ఆక్సిజన్ మాస్కు పక్కకి లాగి మరీ అడిగాడు, ఒప్పుకున్నారా తల్లీ అని. మా ఇంట్లో పిల్లల్ని ఎప్పుడూ కొట్టలేదు. అబద్ధమాడితే మాత్రం ఆ పూట ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. అంత పట్టింపు.

ఒప్పుకున్నారు నాన్నా అన్నాను. ఒక్క ముక్క కూడా మార్చమనలేదన్నాను.

"అయితే ముస్లింలందరిమీదా ఇన్నాళ్లూ ఊరికే కోపం పెట్టుకున్నానన్నమాట. తప్పు నాదేనే గుల్‌చెహర్" అన్నాడు.

తప్పు ఆయనదట!

మెహర్ 18

నాన్న మా పూజారి మోబెద్ గారిని పిలిపించాడు. సుతూదెతో సహా కమిటీలో అందరూ చల్లగా ఉండాలని ప్రార్థన చేయించాడు. పేర్లు నేనే అందించాను. ప్రార్థనలో పెట్టిన ఎండు పళ్లు, బాదంపప్పు వాళ్ల ఇళ్లకి పంపమన్నాడు. పాపం ఏమీ తెలియని అన్న బెహ్‌మర్ద్ పట్టుకెళ్లాడు. ఆపలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను.

సాయంత్రం

సుతూదె ఫోన్. ఇదంతా ఎందుకమ్మా అని కంగారు పడ్డాడు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. "మంచి పనే చేశావు. పోయే ముందు ఆయన మనసు కష్టపెట్టడం దేనికి?" అన్నాడు.

ఎంత ఊరటగా అనిపించిందో. ఛీ, నా బతుకు.

మెహర్ 19

నిజం చెప్పేద్దామని గదిలోకెళ్లాను. నాన్న హాయిగా నిద్రపోతున్నాడు. ఎన్నాళ్లయిందో ఆయన అలా పడుకుని. వచ్చేశాను.

మెహర్ 20

నాన్న పోయాడు.

మెహర్ 23, తెల్లవారుతుండగా

నాలుగో నాటి ప్రార్థన అయింది. పోయినవాళ్ల పేరుమీద చెయ్యబోయే మంచి పని నలుగురిలో చెప్పే వేళ. అన్న లేచి, చెల్లి థీసిస్‌ని కమిటీ ఒప్పుకున్నది ఒప్పుకున్నట్టుగా నాన్న పేరుతో అచ్చు వేయిస్తామన్నాడు. మోబెద్ గారు నావైపు తిరిగి, అంతేనా అమ్మా అని అడిగారు.

అంతేనన్నాను. రెండోసారి అంత కష్టమనిపించలేదు.