ముత్తెన్న మామ కొలిచిన గోదావరి

ఆర్మూర్,
18-3-1994

బాపుకు,

తార నమస్కరించి రాసేది. అమ్మా నేనూ బాగున్నాం. మస్కట్‌లో నీ దగ్గు తగ్గిందని తెలిసి అమ్మ మనసు కుదుటపడింది. పసుపు ఉడకబెట్టడం అయిపోయింది. వాకిలంతా కొమ్ములే ఆరుతున్నాయి.

“మా చెల్లె నర్సవ్వ ఇంట్ల కరెంటు మంచిగ ఉన్నదా” అని అడిగావు. లేదు బాపూ. దసరాకు వెలిగిన బల్బులు మాఘంలో ఆరిపోయాయి. అత్త వాళ్ళ ఊళ్ళో ఇరవై ఎనిమిది ఇళ్ళూ మళ్ళీ చీకట్లోనే ఉన్నాయి.

గోదావరి నీళ్ళ పారకానికి తిరిగే ఆ చిన్న టర్బైన్ ఏ నెలలో ఎంత కరెంటు ఇస్తుందో హైదరాబాద్‌లో మా కాలేజీ కంప్యూటర్ మీద ముందే లెక్కకట్టి చూసింది నేనే కదా. దానికోసం మన నర్సవ్వ అత్త ఇంటి ముత్తెన్న మామ ఏడాదిపాటు ప్రతి సోమవారం జొన్న బెండు నీళ్ళలో వదిలి, రెండు గుంజల మధ్య ఎన్ని సెకన్లలో పోయిందో నోటుబుక్కులో రాశాడు. ఆ అంకెలు ప్రోగ్రాములో వేస్తే, మాఘం నుంచి మృగశిర దాకా వాళ్ళు పెట్టాలనుకున్న చోట చక్రం తిరగదని తేలింది. ఎండాకాలంలోనూ నీళ్ళు జోరుగా పారే కింది బండల మధ్య పెట్టాలని రాసి, ఫ్లాపీతో సహా అన్నకు ఇచ్చాను. టర్బైన్ పెట్టేది అన్న పనిచేసే సంస్థే.

బండల దాకా తీగ లాగడానికి పైవాళ్ళు ఒప్పుకోరని, అన్న ఎండాకాలపు అంకెలు తీసేసి వానాకాలపువే పన్నెండు నెలలకూ వేశాడు. కాగితం మీద నా పేరు అట్లాగే ఉంచాడు. నన్ను ఇంజనీరింగ్ చదివించమని నీతో కొట్లాడిన గంగాకిషన్ అన్నే, బాపూ.

మొన్న మామ పసుపు అమ్మడానికి మార్కెట్‌కు వచ్చి మన ఇంటికొచ్చాడు. మామే కొలతలు తప్పిచ్చాడని అన్న ఊళ్ళో చెప్పాడట. మామతో ఎవరూ మాట్లాడటం లేదట. ఇచ్చిన నీళ్ళు కూడా ముట్టకుండా నోటుబుక్కు నా ముందు పెట్టాడు.

“నేను తప్పు రాసిన్నా బిడ్డా? జర చూసి చెప్పు.”

అన్నను అడిగాను.

“మామకు ఏం పోతది తారా? నా నౌకరి పోతే ఇల్లెట్ల నడుస్తది?” అన్నాడు.

నీకు ఇప్పటిదాకా రాయనిది ఒకటుంది. మార్చిన కాగితం నేను దసరాకు ముందే చూశాను. ఈ కరెంటు పని గురించి పేపర్లో నా ఫోటో వచ్చిన వారం అది. అడగాలనుకుని అడగలేదు. అన్న మోసం చేశాడని ఏడ్చాను గానీ, మామను మోసం చేసిన ఇద్దరిలో నేనూ ఒకదాన్ని.

నిన్న ఊరికి పోయి అందరినీ పిలిచి ఆ నోటుబుక్కు మొత్తం చదివాను. మామ రాసింది నిజమని, మార్చింది అన్న అని, తెలిసీ ఊరుకున్నది నేనని చెప్పాను. నర్సవ్వ అత్త లేచి లోపలికి పోయింది. రోడ్డు దాకా నాతో మామ ఒక్కడే నడిచాడు.

అన్న ఇల్లు విడిచి డిచ్‌పల్లిలో ఉంటున్నాడు. నీకు ఉత్తరం రాస్తాడు. నా గురించి ఏం రాసినా నమ్ము. మామ గురించి రాస్తే మాత్రం నమ్మకు.

ఇట్లు,
నీ బిడ్డ
తార