మెడపట్టీతో తల ఊపితే

అమ్మకు,
నేను బాగానే ఉన్నాను, కంగారుపడకు. లైబ్రరీలో స్టూలు మీంచి పడ్డప్పుడు బెణికిన మెడ కుదుటపడుతోంది. ఎముక విరగలేదని, పట్టీ మాత్రం ఇంకొన్నాళ్లు ఉంచాలని డాక్టరుగారు చెప్పారు.

పెదనాన్న మాట కాదనలేక ఆయన చెప్పిన మర్దన తాత దగ్గరికీ వెళ్లాను. వేడినూనెతో భుజాలు రుద్దుతుంటే ప్రాణం లేచొచ్చింది. తర్వాత తాత, "పట్టీ తీసేసి, మెడ ఒక్కసారి తిప్పి టక్కుమనిపిస్తా, సరేనా తల్లీ?" అన్నాడు. నా అలవాటు నీకు తెలుసుగా, నోరు తెరవకుండా తల అడ్డంగా ఊపబోయాను. పట్టీ అడ్డొచ్చి తల కాస్త పక్కకి ఒరిగింది, అంతే. "సరేనంటోంది" అంటూ తాత పట్టీ మీద చెయ్యి వేశాడు.

"వద్దు!" అని అరిచాను. బయట కూర్చున్నవాళ్లు కూడా తొంగిచూశారు. "ఓసినీ, నీకు మాటలొచ్చా! మూగపిల్లవని ఇందాకటినుంచి జాలిపడుతున్నానే!" అని తాత పగలబడి నవ్వాడు.

డాక్టరుగారికి ఇదంతా చెప్పాను. భుజాలకు మర్దన ఫరవాలేదట, మెడ మాత్రం ఎవరిచేతా తిప్పించుకోవద్దన్నారు. భుజం నొక్కితే మెడనొప్పి ఎందుకు తగ్గుతుందని అడిగితే ఆయన ఒక కారణం చెప్పారు, తాత ఇంకోటి చెప్పాడు. నాకు రెండూ నమ్మాలనే ఉంది.

నూనెలో వాము వాసన వచ్చింది. అమ్మమ్మ ఏమేం వేసి కాస్తుందో అడిగి రాయి. ఎవరైనా ఇటు వస్తుంటే నా పల్చటి దిండు పంపు. వంటింటి కుళాయి బాగుచేయించారా? నాన్నకు నమస్కారాలు, చెల్లికి ముద్దులు.

తాతచేత మెడ తిప్పించుకోలేదని పెదనాన్న కోప్పడితే నా తరఫున నువ్వేమీ సర్దిచెప్పకు. సెలవులకు వచ్చినప్పుడు ఆయనకి నేనే చెబుతాను.

నీ పెద్దమ్మాయి