వైవాలో అడిగిన ప్రశ్న

మస్తానమ్మా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. మనం కలిసి చదివిన నరసరావుపేట కాలేజీకే కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ ఎగ్జామినర్‌గా వెళ్ళొచ్చాను. మనిషినీ, మనసునీ కూడా అలసట పట్టుకుంది.

నాతోపాటు వచ్చిన ఎగ్జామినర్ మగపిల్లలందర్నీ సాల్టు గురించే అడిగాడు. రొంపిచెర్ల మెకానిక్ కూతురు నాగూర్‌బీ వంతు రాగానే, "మీరేమిటోళ్ళమ్మా? దూదేకులోళ్ళా? పెళ్ళెప్పుడు?" అన్నాడు.

సైన్సుకి కులం లేదంటారు. అడిగేవాడికి ఉందిగా! మన వైవాలో ఇదే ప్రశ్నకి నువ్వు తల దించుకుని అవునన్నావు. "పరుపులు కుట్టుకోక నీకిదెందుకే?" అని ఆనాటి సారంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత ఎమ్మెస్సీ ఊసే నువ్వెత్తలేదు.

ఈ పిల్ల తల దించలేదు. "నాకిచ్చిన సాల్టు అమ్మోనియం క్లోరైడు సార్. దాన్ని గురించి అడగండి" అంది.

పొగరని సగం మార్కులు కోశాడు. అవి సరిచేస్తే తప్ప సంతకం పెట్టనని భీష్మించుకు కూర్చున్నాను.

"ఏందయ్యా నీ గోల? చానాసేపయింది. మీవోళ్ళ పిల్లా ఏంది?" అని విసుక్కుంటూ మార్కులు దిద్దాడు.

అవును, మావోళ్ళ పిల్లే అన్నాను. ఆ ఒక్కమాట నీ వైవా రోజునే అనాల్సింది.