క్యాబ్‌కు పుట్టినిల్లు

హైదరాబాద్.

అర్ధవీడులో ఉన్న మా అమ్మ ఎలీషబాకు, ఆమె ఏకైక కుమారుడూ, ఇంగ్లీషు బి.ఎ. పట్టభద్రుడూ అయిన జోసెఫ్ వందనాలతో రాయునది. ప్రభువు దయవల్ల ఇక్కడ నేనూ నా ఆకలీ క్షేమం. అక్కడ నువ్వూ, చెల్లీ, మేకలూ క్షేమమని తలుస్తాను. గ్రేస్, చదివి వినిపిస్తూ మధ్యలో నవ్వావో, అమ్మ మొట్టికాయ వేస్తుంది.

నెలాఖరు ఆదివారం చర్చిలో లేచి, ప్రభువు చేసిన మేలని నా ఆఫీసు ఉద్యోగం గురించి సాక్ష్యం చెబుతానని రాశావు. దానికి జవాబు చివర్లో ఇస్తాను. ఆఫీసు ఏసీ చలికి దుప్పటి పంపేదా అని కూడా అడిగావు. వద్దమ్మా. ఏసీ పెంచడం, తగ్గించడం ఇప్పుడు నా చేతిలోనే ఉంది.

ఉద్యోగం కోసం నేను నేర్చిన స్పానిష్‌లో ఏముందన్నావు. మేక ఉంది. ఆ భాషలో మేకను కాబ్రా అంటారు. దాని తల్లి లాటిన్ మాట కాప్రా. ఫ్రాన్సులో ఒక తేలికపాటి గుర్రబ్బండి మేకపిల్లలా ఎగిరెగిరి పోయేదని కాబ్రియోలే అని పేరు పెట్టారు. ఇంగ్లీషువాళ్లు దాని తోక కోసి క్యాబ్ అన్నారు. గెంతుకు వాళ్లు వాడే కేపర్ కూడా ఈ మందలోదే.

ఇక అసలు సంగతి. కంపెనీ మా స్పానిష్ విభాగాన్ని వేసవిలోనే ఎత్తేసింది. ఇప్పుడు మన గిద్దలూరు సుమనన్న వాళ్ల క్యాబ్ తోలుతున్నాను. తాళం ఇస్తూ ఆయన, "ఏందిరా, డిగ్రీ చదివి స్టీరింగ్ పడతావా? మీయమ్మకు తెలిస్తే నన్ను తంతాది" అన్నాడు.

"మాది మొదట్నుంచీ ఇదే వృత్తి అన్నా" అంటూ కాబ్రా వంశచరిత్ర మొత్తం వినిపించాను.

"అట్లనా? సరేలే, బ్రేకు యాడుందో ముందు చెప్పు."

ఫోన్‌లో అయితే ఇలాగే నవ్వించి తప్పించుకునేవాణ్ణి. అందుకే ఉత్తరం.

నా ఫీజు కట్టినప్పుడల్లా మందలో ఒక మేక తగ్గేది. "అది మాట వినదురా, పోతే పోనీ" అనేదానివి. అమ్మా, మన మేకలన్నీ మాట వినేవేనని నాకు అప్పుడే తెలుసు. నాకు థాంక్స్ చెప్పడం రాక, నేను కూడా ఆ మేకలనే తిట్టేవాణ్ణి.

దేవుని ముందు నా వల్ల నీ నోట అబద్ధం రాకూడదు. క్యాబ్ అని చెప్పడానికి సిగ్గనిపిస్తే కూర్చునే ఉండు, నేనేమీ అనుకోను. ఆ ఆదివారం నేను బండి తోలుకుని వస్తున్నాను. నువ్వు లేవకపోతే నేను లేచి సాక్ష్యం చెబుతాను. ఉద్యోగం గురించి కాదు, నీ గురించి.

ఇట్లు,
నువ్వు పెంచిన నీ కొడుకు
జోసెఫ్