పనికిరానివి అని రాసిన పెట్టె

యెరూషలేము,
శుక్రవారం మధ్యాహ్నం

తిర్సా,

పొద్దున రొట్టెల కొట్లో అస్నత్ నా చేతిలో పేపరు పెట్టి, "ఏమమ్మా, నీ శిష్యురాలు నిన్ను మించిపోయిందే" అంది. అందులో నీ ఫొటో ఉంది. నవ్వాననే అనుకుంటున్నాను.

ఆ పాత తోలుచుట్టలోని కీర్తన ముక్కలు రెండూ ఇరవై ఆరేళ్లు మ్యూజియంలో నా గాజు పలకల కిందే ఉన్నాయి. నేను అక్షరాలే చూస్తూ కూర్చున్నాను. నువ్వు వాటిని తిరగేసి, తోలు మీద వెంట్రుక కుదుళ్ల గుర్తులు చూసి, రెండూ ఒకే మేక చర్మమని తేల్చావు. పోయిన వారం ఆ సంగతి తెలిసినప్పుడే నాకు కడుపు మండిపోయింది. అభినందిస్తూ రాద్దామని మూడుసార్లు కూర్చుని, మూడు కాగితాలూ చింపేశాను.

కీర్తన చివరి భాగం ఇక దొరకదని పేపరువాళ్లతో అన్నావట. దొరికింది. "పనికిరానివి" అని నా చేత్తో రాసిన పెట్టెలోనే ఉంది. మొన్న ఆ ముక్కను తిరగేసి చూశాను, అచ్చం నువ్వు చూసినట్టే. అదే నాకు మింగుడుపడటం లేదు. ఎవరికీ చెప్పకుండా ఇంటికి తెచ్చుకున్నాను. తప్పేనని తెలుసు.

ఇంకో గంటలో సబ్బాతు విశ్రాంతి దినం మొదలవుతుంది. రేపు రాయకూడదు గానీ చదువుకోవచ్చు. ఈ ఉత్తరం నీకు ఆదివారం గానీ అందదు. అందాకా ఆ ప్రార్థన ఎలా ముగుస్తుందో తెలిసినదాన్ని లోకంలో నేనొక్కదాన్నే.

ఆదివారం వచ్చి పట్టుకెళ్లు. తలుపు తీస్తాను. నవ్వుతానని మాత్రం మాటివ్వలేను.

నీ టీచర్